కొత్త బాస్, పాత పెట్టె

వీడియో గేమ్ కంపెనీలో పెద్ద కుర్చీ ఖాళీ అయితే చాలు, జాతకాలు చెప్పేవాళ్లు బయల్దేరతారు. కొత్తాయన బ్యాంకు నుంచి వచ్చాడు కాబట్టి ఇక కన్సోల్ మూలపడినట్టే అని ఒకరంటారు. కొత్తాయన స్వయంగా గేమ్‌లు ఆడతాడు కాబట్టి మంచిరోజులొచ్చాయని ఇంకొకరంటారు. మనిషి మారితే వ్యూహం మారుతుందన్న ఈ నమ్మకాన్ని తారీఖులు దగ్గర పెట్టుకుని చూస్తే నిలబడదు.

వీళ్లు మొదట పిలిచే సాక్షి మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ వన్. 2013 మేలో అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి డాన్ మాట్రిక్ దాన్ని టీవీకి తోడుపెట్టెలా పరిచయం చేశాడట, రోజుకోసారైనా ఇంటర్నెట్‌కు కలపాలన్నాడట, సెకండ్ హ్యాండ్ డిస్కుల మీద ఆంక్షలు పెట్టాడట, జనం మండిపడితే ఆయన పోయి ఫిల్ స్పెన్సర్ వచ్చి అంతా చక్కదిద్దాడట. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ ఆంక్షలు ఎత్తేసింది జూన్ 19న. ఎత్తేస్తున్నామని ప్రకటించింది మాట్రిక్కే. ఆయన వెళ్లిపోతున్నాడన్న కబురు వచ్చింది జులై 1న. స్పెన్సర్ పగ్గాలు పట్టిందేమో మరుసటి ఏడాది మార్చి ఆఖర్లో. మాట్రిక్ మెడలు వంచింది కొత్త నాయకుడు కాదు, ఆంక్షలేవీ లేకుండా 399 డాలర్లకే వస్తున్న ప్లేస్టేషన్ 4. ఎక్స్‌బాక్స్ ధర అప్పుడు 499.

స్పెన్సర్ వచ్చాక కినెక్ట్ కెమెరాను పక్కనబెట్టి ధరను 399కి దించాడు. మంచి పనే. అయితే మార్చగలిగింది పెట్టె బయటిదే. లోపల గ్రాఫిక్స్ శక్తి 1.31 టెరాఫ్లాప్స్, పోటీదారుకు 1.84. టీవీ, గేమ్‌లు, యాప్‌లు ఒకేసారి నడవాలన్న ఉద్దేశంతో కాస్త నెమ్మదిదైనా సరే అనుకుని ఎక్కువ మెమరీని ఎంచుకున్నారు. ఆ నెమ్మదిని కప్పిపుచ్చడానికి చిప్ లోపలే చిన్న వేగవంతమైన మెమరీని ఇరికించారు. అది గ్రాఫిక్స్‌కు దక్కాల్సిన చోటు తినేసింది. ఇవన్నీ స్పెన్సర్ ఆ కుర్చీలో కూర్చోకముందే తేలిపోయిన సంగతులు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో అయితే నచ్చనిదాన్ని వచ్చే నెలలో మార్చుకోవచ్చు. కన్సోల్ అలా కాదు, ఫ్యాక్టరీ దాటిందంటే ఏళ్ల తరబడి అదే అమ్మాలి. పైగా జనం డిస్కులు మానేసి డౌన్‌లోడ్లకు అలవాటు పడ్డది సరిగ్గా ఆ ఏళ్లలోనే. ప్లేస్టేషన్‌లో గేమ్‌లు పోగేసుకున్నవాడు వాటిని వదిలి ఇటెందుకు వస్తాడు? ఓడిపోకూడని తరంలో ఓడిపోయామని 2023లో స్పెన్సరే ఒప్పుకున్నాడు.

నింటెండో దగ్గరికొస్తే సొమ్మొకడిది, సోకొకడిది. 2015లో సాన్వా బ్యాంకులో పనిచేసి వచ్చిన తత్సుమి కిమిషిమా అధ్యక్షుడైనప్పుడు, లెక్కల మనిషి కాబట్టి కంపెనీని ఫోన్ గేమ్‌ల వైపు తోసేస్తాడన్నారు. కానీ ఫోన్ గేమ్‌ల కోసం డీఈఎన్ఏ సంస్థతో ఒప్పందాన్ని ఆ మార్చిలోనే ప్రకటించింది ఆయన ముందువాడు సతోరు ఇవాటా. అదే సభలో ‘ఎన్ఎక్స్’ అన్న రహస్యనామంతో కొత్త యంత్రం తయారవుతోందనీ ఆయనే చెప్పాడు. నాలుగు నెలలకు చనిపోయాడు. ఆ యంత్రమే 2017 మార్చిలో స్విచ్‌గా వచ్చింది. దాని విత్తనం ఇంకా వెనక ఉంది. చేతిలో పట్టుకునే యంత్రాల విభాగాన్నీ, టీవీకి తగిలించే యంత్రాల విభాగాన్నీ 2013లోనే ఇవాటా ఒకటి చేశాడు. రెండూ ఒకటైన విభాగం నుంచి రెండూ ఒకటైన యంత్రం రావడంలో వింతేముంది? 2018లో షుంతారో ఫురుకావా అధ్యక్షుడయ్యేసరికి చప్పట్లు సిద్ధంగా ఉన్నాయి.

ఇవాటా కూడా 2002లో ఇలాంటి వారసత్వంలోకే వచ్చాడు. అప్పటికే మార్కెట్లో ఉన్న గేమ్‌క్యూబ్ అంతకుముందు అధ్యక్షుడు హిరోషి యమౌచి కాలంది. చేతిలో పట్టుకునే డీఎస్‌కు రెండు తెరలుండాలన్న పట్టుదల కూడా యమౌచిదే. అది 15 కోట్లకు పైగా అమ్ముడైంది. ఇవాటా హయాంలోనే వీ కన్సోల్ 10 కోట్లు దాటింది, ఆయన హయాంలోనే వీ యూ కోటీ 36 లక్షల దగ్గర చతికిలబడింది. వ్యూహమంటే మనిషేనన్నవాళ్లు దీనికేం చెబుతారు?

ఇక సత్య నాదెళ్ల. హైదరాబాదీ కాబట్టి మైక్రోసాఫ్ట్‌లో చీమ కదిలినా ఆయన చలవేనని మన పత్రికలకు ఓ ముచ్చట. 2023 జూన్‌లో, యాక్టివిజన్ కొనుగోలు కేసులో కోర్టుకొచ్చి ఆయన చెప్పింది మాత్రం వేరు. తన చేతిలో ఉంటే ఒక్క కన్సోల్‌కే పరిమితమయ్యే గేమ్‌ల పద్ధతినే ఎత్తేసేవాణ్ణనీ, వాటా తక్కువున్న తాము దాన్ని నిర్ణయించలేమనీ అన్నాడు. అంత పెద్ద కంపెనీ అధినేతే పద్ధతి తన చేతిలో లేదంటుంటే, ఆయన కింది కుర్చీలో ఎవరున్నారన్నదాన్ని బట్టి భవిష్యత్తు చెప్పేవాళ్లను ఏమనాలి? ఎనిమిది నెలలు తిరగకముందే మైక్రోసాఫ్ట్ నాలుగు సొంత గేమ్‌లను పోటీ కన్సోళ్లకు ఇస్తున్నట్టు ప్రకటించింది. ఎక్స్‌బాక్స్ చరిత్రలో అది చిన్న మలుపు కాదు. అప్పుడు పెద్ద కుర్చీలు మారలేదు. అదే నాదెళ్ల, అదే స్పెన్సర్. గేమ్‌లు తీసే ఖర్చు కొండెక్కింది, 6,870 కోట్ల డాలర్లు పెట్టి యాక్టివిజన్‌ను కొన్నారు, కన్సోల్ అమ్మకాలు చూస్తే అంతంతమాత్రం. దారి మళ్లించింది అవి.

నాయకులకు విలువ లేదనడం లేదు. వాళ్ల నిర్ణయం ఫలించేసరికి ఆ కుర్చీలో చాలాసార్లు ఇంకొకరుంటారు, అంతే. సోనీలో ఏళ్ల తరబడి ఆన్‌లైన్లో నడిపే లైవ్ సర్వీస్ గేమ్‌లు డజను దాకా తీస్తామన్నది ప్లేస్టేషన్ అధిపతి జిమ్ రయన్ కాలపు పథకం. అందులో హెల్‌డైవర్స్ 2 ఆయన ఉండగానే దుమ్ము లేపింది. 2024 మార్చి ఆఖరుకు ఆయన వెళ్లిపోయాడు. అదే పథకంలో భాగంగా ఆగస్టు 23న వచ్చిన కాంకర్డ్‌ను రెండు వారాలకే ఆపేసి డబ్బులు వాపసు ఇవ్వాల్సిన తద్దినం కొత్తవాళ్ల నెత్తిన పడింది.

అసలు చాలాసార్లు క్రమమే తలకిందులు. ప్లేస్టేషన్‌కు తండ్రి అనిపించుకున్న కెన్ కుతరాగి 2006లో ప్లేస్టేషన్ 3ని 499, 599 డాలర్లకు మార్కెట్లో పెట్టాక ఆయన కుర్చీ కాజ్ హిరాయ్‌కి వెళ్లింది. వ్యూహం బెడిసికొట్టడం ముందు, మనిషి మారడం తర్వాత. వెళ్లేవాడి నెత్తిన తప్పంతా రుద్దేస్తే బోర్డుకూ హాయి, విలేకరికీ హాయి. ఒక మంచి కథ దొరుకుతుంది.

ఫురుకావా అధ్యక్షుడైన ఏడేళ్లకు, 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చింది. ఇన్నాళ్లూ ఆయన్ను మెచ్చుకున్నది ఇవాటా యంత్రాన్ని చూసి. ఆయనకు మార్కులు వేయడం ఇక మొదలుపెట్టవచ్చు.