గుమాస్తా బల్ల: కనబడని కిటికీ

యీ మాసం నా తప్పుతోనే మొదలుపెడతాను. చదువరులు మన్నించి, అందులోనుంచి పనికివచ్చేది తీసుకోవాలి.

ఆండర్సన్‌పేట నుంచి ఒక అవ్వ మా ఆఫీసుకు వచ్చింది. ఆమె పెనిమిటి గనిలో పనిచేసినవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన కొన్నేళ్ళకు కన్నుమూశాడు. ఆయన పేరు కంపెనీ కాగితంలో ఒక తీరు, రేషను కార్డులో మరొక తీరు. రెండూ ఒక్క మనిషి పేర్లేనని అర్జీ రాయాలి. మన కోలారు సీమలో యిది కొత్త చిక్కు కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కచేరీలో కన్నడం, పాత రిజిస్టర్లలో ఇంగ్లీషు. ఒక్క పేరు నాలుగు వేషాలు వేస్తుంది.

నా బల్ల మీద రెండు తెరలున్నాయి. ఎదుటి తెర మీద పాత కాగితం బొమ్మ, ఎడమ తెర మీద అర్జీ రాసే టెక్స్ట్ ఎడిటరు పెట్టుకొని, చూస్తూ టైపు చేశాను. ముప్పాతిక అయ్యేసరికి భోజనం వేళ అయింది. అర్జీని సేవ్ చేసి, మూసి లేచాను. లేస్తూ ఎడమ తెర బొత్తాం నొక్కి ఆర్పాను. 1902లోనే శివనసముద్రం కరెంటు చూసిన ఊరు మనది. అయినా కరెంటు బిల్లంటే భయమే సుమా!

తిరిగి వచ్చి, మిగిలింది నాలుగు వరుసలే గదా, ఒక్క తెర చాలుననుకొన్నాను. అర్జీ తెరిస్తే యేమీ కనబడదు. అడుగు పట్టీలో గుర్తు మాత్రం వుంది. నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అవ్వా, ఫైలు పోయింది. సోమవారం రా" అన్నాను.

"ఇది మూడో తూరి నాయనా. పూలబుట్ట ఇంటికాడ పెట్టి వస్తి" అని అవ్వ మెల్లగా లేచి వెళ్ళింది.

కాసేపటికి పక్కబల్ల కుర్రవాడు వచ్చి చూశాడు. "అన్నా, అర్జీ యాడికీ పోలేదు. ఆర్పిన తెర మీద తెరుచుకొని వుంది" అన్నాడు. బొత్తాం నొక్కితే నిజమే. నేను బస్సు దగ్గరకు పరుగెత్తాను గాని, బస్సు కదిలిపోయింది.

కుర్రవాడు చెప్పిన సంగతి యిది. పక్కపక్కనున్న తెరలు కంప్యూటరుకు ఒకటే మైదానం. ప్రధాన తెర ఎడమ పైమూల సున్నా. అక్కడినుంచి కుడికి పోతే అంకె పెరుగుతుంది, కిందికి దిగినా పెరుగుతుంది. గనిలో లోతును నేలమట్టం నుంచి కిందికి కొలిచినట్టే. చాంపియన్ రీఫ్ గని పదివేల అడుగులు దాటింది, ఆ అడుగులన్నీ పైనుంచి లెక్కే గదా! ఇక సున్నాకు ఎడమనున్న తెర మైనస్ లెక్క. దాని వెడల్పు 1920 చుక్కలైతే, దాని ఎడమ అంచు మైనస్ 1920 అన్నమాట. చాలా ఎడిటర్లు మూసేటప్పుడు తమ స్థానం రాసిపెట్టుకొని, మళ్ళీ అక్కడే తెరుచుకొంటాయి. దీపం ఆర్పినా తీగ తగిలించి వుంటే, ఆ తెర వున్నదనే కంప్యూటరు తరచు నమ్ముతుంది. తీగ పీకేస్తే సాధారణంగా కిటికీలన్నీ మిగిలిన తెర మీదికి వస్తాయి. కాని పాత అంకెనే పట్టుకొని వేలాడే ప్రోగ్రాములు కొన్ని, లేని తెర మీద తెరుచుకొంటాయి.

రెండు తెరల ఏర్పాటు 1987లో మాకింటాష్ 2 లోనూ, 1998లో విండోస్ 98 లోనూ వచ్చింది. నాకు తెలిసింది మాత్రం ఆనాడే.

విండోస్‌లో మందు సులభం. ఆల్ట్ పట్టుకొని ట్యాబ్ నొక్కి ఎడిటరును ఎంచుకోండి. తరువాత విండోస్ మీట, షిఫ్ట్ కలిపి పట్టుకొని పక్క బాణం నొక్కితే కిటికీ రెండో తెర మీదికి దూకుతుంది. ఒక్క తెరే మిగిలితే ఆల్ట్, స్పేస్ బార్ కలిపి నొక్కి, తరువాత ఎమ్ నొక్కి, ఒక బాణం నొక్కి మౌసు కదపండి. కిటికీ మౌసుకు అతుక్కొని వస్తుంది. ఎమ్ పనిచేయకపోతే కిటికీ నిండుగా విప్పి వుందన్నమాట. అప్పుడు ముందు ఆర్ నొక్కి చిన్నది చేసి, మళ్ళీ మొదలుపెట్టాలి. అన్నిటికన్న మేలు, మూసేముందే కిటికీని ప్రధాన తెర మీదికి లాగి మూయడం.

సోమవారం అవ్వ వచ్చింది. అర్జీ సిద్ధంగా వుంచాను. వేలిముద్ర వేయించి, జరిగింది దాచకుండా చెప్పాను. బస్సు చార్జీ ఇవ్వబోతే తీసుకోలేదు.

"పోయిందని చెప్పకముందు ఇంకొక తూరి చూసుంటే బాగుండు నాయనా" అన్నది, అంతే.

అప్పటినుంచి ఎవరి కాగితమైనా సరే, రెండు తెరలూ వెలిగించి వెదికిన తరువాతే నోరు తెరుస్తున్నాను.