ఇంటింటి ఇంజనీరింగు: గుప్పెడు సంచిలో సింగారం

గత సంచికలో ప్రెషర్ కుక్కరు సేఫ్టీ వాల్వును గురించి వ్రాసిన మేము, ఈ మాసం పౌడరు, కాటుకల జోలికి వచ్చామంటే పాఠకులు నవ్వుకోవచ్చు. కారణం ఉన్నది.

మా అమ్మాయి భిలాయిలో షిఫ్టు ఇంజనీరు. మూడేళ్ళ క్రితం ఉద్యోగంలో చేరినప్పుడు క్వార్టరు సర్దిపెట్టుటకు వెంట వెళ్ళి నాలుగు రోజులు ఉన్నాము. మొదటిరోజు డ్యూటీకి బయలుదేరుతూ ఆమె అద్దం ముందు కాటుక దిద్దుకొంటుంటే, "ఫర్నేసు దగ్గరకు వెళ్ళేదానికి ఈ సోకులెందుకమ్మా?" అన్నాము. ఆమె బదులు పలుకలేదు. ఆ మాట మేము మరచిపోయాము కూడా. ఈ వేసవిలో ఆమె పది రోజుల సెలవుపై విశాఖ వచ్చినప్పుడు మా శ్రీమతి చెప్పినది: "ఆనాడు మీరు అన్నది మొదలు అది డ్యూటీకి కాటుక పెట్టుకోవడమే మానేసిందండీ."

ముప్పై ఏళ్ళుగా మేము ప్రతి ఉదయం గడ్డం గీసుకొని, తల దువ్వుకొని ఆ ఫర్నేసు దగ్గరకే వెళ్తున్నాము. దానిని ఎవరూ సోకు అనలేదు.

అమ్మాయి పెట్టెలో ఈ మధ్యనే కొన్న చిన్న జిప్పు సంచి ఒకటి కనబడినది. పరీక్షించి చూస్తామని అడిగాము. "మీకు పరీక్షలంటే సరదా గానీ నాన్నా, నా ముఖమే దొరికిందా?" అన్నది. అయినా ఇచ్చినది.

సంచిలో ఉన్నవి ఎండ సోకకుండా పూసుకొనే కడ్డీ, అరచేతిలో ఇమిడే కాంపాక్టు పౌడరు, కాటుక పెన్సిలు, లేత రంగు గల లిప్ బామ్, 100 మిల్లీలీటర్ల శుభ్రపరచే నీళ్ళ సీసా, గుండ్రని దూది బిళ్ళలు. వంటింటి త్రాసుపై మొత్తం 230 గ్రాములు తూగినవి. అందులో సగానికి పైగా ఆ నీళ్ళ సీసాదే. అలంకారం తేలిక, దానిని తుడిచే సరంజామా బరువు అన్నమాట.

పౌడరు డబ్బా వెనుక అచ్చువేసిన పదార్థాల పట్టిక చదివినప్పుడు మాకు స్వగ్రామం చేరినట్లు అనిపించినది. టాల్కు, అభ్రకం, టైటానియం డయాక్సైడు, ఆపైన ఐరన్ ఆక్సైడులు. చామనఛాయకైనా పసిమిఛాయకైనా రంగు కుదిర్చేది ఎరుపు, పసుపు, నలుపు ఐరన్ ఆక్సైడుల పాళ్ళే. మన కర్మాగారంలో జీవితమంతా మేము తుప్పు అని తిట్టుకొన్న పదార్థానికి శుద్ధమైన దగ్గరి చుట్టం!

ఎండ కడ్డీపై 30 అనే అంకె ఉన్నది. ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున పూస్తే, చర్మాన్ని కందజేసే కిరణాలలో సుమారు ముప్పయ్యవ వంతే లోపలికి పోవునని దాని అర్థం. ఒక్కసారి గీసి వదిలితే అంత మందం రాదు, నాలుగైదుసార్లు రుద్దవలెను. మేము మా బట్టతలపై పూసుకొని హెల్మెట్టుతో ఒక పూట యార్డులో తిరిగాము. చెమటకు కొంత కరిగి కనుబొమల మీదికి దిగినది గనుక, మధ్యాహ్నం మరల పూయక తప్పదు. ఇంకొక మాట. కొలిమి ముందు ముఖాన్ని కాల్చేది పరారుణ కిరణాల వేడి. దానికి ఈ కడ్డీ అడ్డు కాదు. ఫేస్ షీల్డే దిక్కు. ముఖానికి బిగుతుగా కూర్చోవలసిన శ్వాస ముసుగు ధరించే రోజున, దాని అంచు తగిలేచోట ఏ జిడ్డూ ఉండరాదు. ఇది అమ్మాయికి మేము చెప్పలేదు, ఆమే మాకు చెప్పినది.

అసలు పరీక్ష తుడవడంలో ఉన్నది. నైట్ షిఫ్టు ముగిసి క్వార్టరు చేరగానే అలసటతో అలాగే పడుకోవడం, లేచేసరికి కళ్ళు ఎర్రబడి మండడం తన స్నేహితురాళ్ళకు పరిపాటి అట. సీసాలోనిది మిసెల్లార్ వాటర్, 1990 దశకంలో ఫ్రాన్సులో ప్రచారంలోకి వచ్చిన రకం. చూడటానికి మంచినీళ్ళే. అందులోని అణువులకు ఒక కొన నీటిని, మరొక కొన నూనెను ఇష్టపడును. అవి గుంపులు కట్టి జిడ్డును తమ నడుమ పట్టి ఉంచును. యంత్రశాలలో కటింగ్ ఆయిల్ నీళ్ళలో కలిసి పాలవలె అగుటకు కారణమూ ఇటువంటి అణువులే.

రోజూ రాత్రి అమ్మాయి ఎడమకన్నును ఆ నీళ్ళతోను, కుడికన్నును ఒక చుక్క కొబ్బరినూనెతోను తుడిచినది. ప్రతిసారి తెల్లదూదితో మరల అద్ది, మరక ఉన్నదా లేదా అని మేము చూశాము. పౌడరు, కడ్డీ నీళ్ళకు రెండు బిళ్ళలతో పోయినవి. నీటికి చెదరని కాటుకకు మాత్రం నాలుగు బిళ్ళలైనా బూడిదరంగు మిగిలినది. కొబ్బరినూనెకు ఒకే బిళ్ళ చాలినది. కాకపోతే తరువాత సబ్బుతో కడుగవలెను, కొంతసేపు చూపు మసకగా ఉండును. మైనంతో బిగిసిన కాటుకను నూనెయే కరిగించుట సహజం. నీళ్ళతో తుడిచినవైపు కూడా తరువాత కడుగుకొనుటే మేలని మా అభిప్రాయం. కడుగని రోజున ఆ చెంప చర్మం బిగుసుకొన్నట్లున్నదని అమ్మాయి అన్నది.

మా శ్రీమతి ఇదంతా చూసి, ఆముదపు దీపపు మసితో తమ అమ్మమ్మ చేసిన కాటుకకు ఈ తంటాలు లేవన్నది. మసి ప్రధానంగా కర్బనం గనుక కాదనలేము. కాని ఊరూ పేరూ లేని పొట్లాలలో అమ్మే సుర్మాలతో జాగ్రత్త. సంప్రదాయ సుర్మాకు వాడే గెలీనా సీసపు ఖనిజమే. మన దేశపు నిబంధనల ప్రకారం సౌందర్య సాధనాల రంగులలో సీసం పది లక్షల భాగాలకు 20 భాగాలు మించరాదు. తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేనిదానిని, చవకైనా, కంటికి తగలనీయవద్దు.

సెలవు చివరిరోజు సంచిని మేమే సర్దాము. పెద్ద సీసాకు బదులు 30 మిల్లీలీటర్ల సీసాలో నీళ్ళు నింపి, మూత బిగుతైన మరో చిన్న సీసాలో కొబ్బరినూనె పోసి తూచితే 150 గ్రాములకు దిగినది. తెల్లవారి దిగి నేరుగా డ్యూటీకి వెళ్ళవలెనని, రైలు కదలకముందే పెట్టెలోని దీపపు వెలుగులో అమ్మాయి కాటుక దిద్దుకొన్నది. కిటికీ ఊచల దగ్గర నిలబడి, "ఎడమకంటి కొసన కొంచెం చెదిరిందమ్మా," అని చెప్పాము.