అద్దెబండి – తరుగుదల భారము

మోటారుబండిని కొనుటకంటె మూడేండ్లకు లీజుకు దీసికొనుటయే మేలని తలంచువారు మన పట్టణములందు గలరు. నెలకింతయను నొక్క సంఖ్యను జూచి వారు వ్రాలు చేయుదురు. ఆ సంఖ్య యెట్లు పుట్టెనో విచారించువారు మాత్రము అరుదు.

బండి నేటి వెలనుండి, గడువు తీరునాటికి దానికి వచ్చునని యెంచిన వెలను దీసివేయగా మిగులునదే తరుగుదల. దానిని నెలలతో భాగించి, వడ్డీయు పన్నులును జేర్చినచో అద్దె యగును. అనగా, వాడుకొనువాడు ముఖ్యముగా జెల్లించునది తన చేతిలో బండి కోల్పోవు విలువయే.

రెండు బండ్లున్నవనుకొందము. రెంటి వెలయు 12 లక్షల రూపాయలు. గడువు 36 నెలలు. గడువు చివర మొదటిదానికి 6,60,000, రెండవదానికి 4,80,000 వచ్చునని యెంచిరి. తరుగుదల మొదటిదానికి నెలకు 15,000, రెండవదానికి 20,000. ఆరంభపు వెల, చివరి వెలల సగటుపై ఏటికి నూటికి 10 చొప్పున వడ్డీ కట్టిన, మొదటిదానికి నెలకు 7,750, రెండవదానికి 7,000 పడును. వడ్డీ తగ్గినను రెండవబండి నెలకు 4,250, గడువంతకు 1,53,000 రూపాయలు హెచ్చుగా లాగును. అంగడిలో వెల సమానమైనంత మాత్రమున అద్దె సమానము కాదు.

ఇక, చివరి వెలను ఎంచువారెవరు? బండి నిచ్చువారే. వారు తక్కువగా నెంచిన అద్దె పెరుగును. పిమ్మట బండి హెచ్చుధర కమ్ముడుపోయిన, ఒడంబడికలో వేరుమాట లేనిచో, లాభము వారిదే. లోగుట్టు పెరుమాళ్ళ కెరుక! 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నబండ్లపై వస్తుసేవల పన్ను నూటికి 28 నుండి 18కి దిగినది. క్రొత్తది చవుకయైన, పాతదాని వెలయు దిగును. ఆ నష్ట మెవరిది? ఒడంబడికలోని యొక్క షరతే దానిని నిర్ణయించును. తరుగుదల మొదటి యేటనే తీవ్రము గనుక, నడుమ బండిని తిరిగి యిచ్చువారికి బాకీ మిగులుటయు నిందువలననే.

అమెరికాలో 1976 నాటి వినియోగదారుల లీజు చట్టమును బట్టి యేర్పడిన నిబంధనలు, స్వంతవాడుకకై తీసికొను బండి లీజుపత్రమున చివరి వెలను, తరుగుదలను, అద్దె రుసుమును వేరువేరుగా జూపవలెనని శాసించుచున్నవి. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టము కూడ వస్తుసేవల ధరను దెలిసికొను హక్కును ఒసగినది. కాని మొత్తమును మాత్రము చెప్పి, దాని కూర్పును దాచినచో నది తెలిపినట్లగునా? ఈ మూడంకెలు ప్రతి లీజుపత్రమునను విధిగా నుండునట్లు ప్రభుత్వము స్పష్టముగా నియమింపవలెను.

పాఠకులు అంతవరకు వేచియుండ బనిలేదు. చివరి వెల యెంత? వడ్డీ యెంత? వెల దిగినచో నష్ట మెవరిది? వ్రాలునకు ముందే యీ మూడింటికి వ్రాతమూలకమైన జవాబు పుచ్చుకొనవలెను. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. అద్దె కిచ్చువాడు తనంతట దా నేల చెప్పును?