తొంభై రోజులయ్యాక ఎక్కడికి?

మా చెల్లెలు దమ్మామ్ నుంచి ఫోన్ చేసిందంటే సలాం తర్వాత వచ్చే మాట రోజుల హిసాబే. "భాయ్‌జాన్, డెబ్బై ఆరయ్యాయి." అంటే ఇంకో పధ్నాలుగు రోజుల్లో సౌదీ దాటాలి. ఎటు దాటాలన్నదే ఇంట్లో పెద్ద బహస్. బహ్రెయిన్ బ్రిడ్జి ఎక్కి, పాస్‌పోర్టు మీద ముద్ర పడగానే వెనక్కి తిరగాలా? లేక కడపకు రావాలా?

గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లకు ఇది కొత్త కహానీ కాదు. ఒకప్పుడు మా చెల్లి కూడా ఫ్యామిలీ ఇఖామా మీద దర్జాగానే ఉండేది. 2017 జూలై నుంచి సౌదీ హుకూమత్ ఇఖామా మీదున్న ఒక్కో కుటుంబ సభ్యుడికి నెలకు 100 రియాళ్ల ఫీజు పెట్టింది. ఏటా వంద పెంచుతూ 2020కి దాన్ని 400 చేసింది. బీవీ, ఇద్దరు పిల్లలు ఉన్నవాడికి నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్లు. మన రూపాయల్లో మూడు లక్షలు దాటుతుంది. మా బహనోయి తన్‌ఖా ఆ బరువు మోయలేకపోయింది. చాలామందిలాగే ఆయన కూడా బీవీ పిల్లలకు ఫైనల్ ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపాడు. ఆ తర్వాత విజిట్ వీసా మీద పిలిపించుకోవడం మొదలైంది. నికాహ్ చేసుకున్న షౌహర్ ఇంటికి మెహమాన్‌గా వెళ్లడమన్నమాట.

ఆ వీసా ఏడాది పాటు చెల్లుతుంది. ఎన్నిసార్లైనా వెళ్లి రావచ్చు, కానీ ఒక్కసారికి 90 రోజులే. సరిహద్దు దాటి మళ్లీ అడుగుపెడితే కొత్తగా 90. అందుకే దమ్మామ్, ఖోబర్, రియాద్‌లలో మనవాళ్లు బహ్రెయిన్ బ్రిడ్జి పట్టుకున్నారు. జిద్దా, తబూక్ వైపు వాళ్లకు జోర్డాన్ సరిహద్దు. 1986లో తెరిచిన 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ కాజ్‌వే కట్టినవాళ్లు తిజారత్ గురించి, సైర్ గురించి ఆలోచించి ఉంటారు. కడప బుర్ఖా ఆడవాళ్లు చంటిపిల్లలతో వ్యాన్లలో కూర్చుని, నాలుగు గంటల్లో వెళ్లి వచ్చేందుకు వాడుకుంటారని వాళ్లకు ఖయాల్ కూడా వచ్చి ఉండదు.

బ్రిడ్జి సస్తా. బహ్రెయిన్ వీసా ముందే ఆన్‌లైన్‌లో తీసుకుని, గాడీవాలాకు కిరాయి ఇచ్చి, పిల్లకో బర్గర్ కొనిపెట్టినా కడప విమానం టికెట్ల ముందు అది లెక్కలోకి రాదు. మా బహనోయిది పైసల హిసాబ్. అందులో తప్పులేదు. కానీ ఆ హిసాబ్‌లో ఒక అంకె ఎప్పుడూ రాయరు. మా భాంజా. పదకొండేళ్లవాడు. స్కూలు కోసం వాణ్ణి మా అమ్మీ దగ్గర కడపలోనే ఉంచారు. వాడి చెల్లెలు మాత్రం తల్లితో దమ్మామ్‌లో. తల్లి బ్రిడ్జి దాటిన ప్రతిసారీ వాడికి ఇంకో 90 రోజులు పడతాయి.

ఇందులో నా గల్తీ కూడా ఉంది. నిరుడు ఇదే సవాల్ వచ్చినప్పుడు "బ్రిడ్జికే పోండి, డబ్బు మిగుల్తుంది" అని మష్వరా ఇచ్చింది నేనే. జర్నలిస్టును కదా, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి నిమిషంలో తేల్చేశాను. ఆ తర్వాత నెలకే వాడు నాజ్రా ఖురాన్ ముకమ్మల్ చేశాడు. ఇంట్లో ఆమీన్ పెట్టుకున్నాం. వాడి తల్లి ఫోన్ తెరలో కూర్చుని చూసింది. మిఠాయి పంచుతుంటే నెట్ ఆగిపోయింది. వాడేమీ ఏడవలేదు. ఫోన్ నా చేతికిచ్చి, టోపీ సర్దుకుని, మిఠాయి ప్లేటు పట్టుకుని వెళ్లాడు. ఆ రోజు నుంచి నేను బ్రిడ్జి వకీల్‌ని కాను.

నేననేది ఒక్కటే. గడువు ముగిసినప్పుడు ఎక్కడికి వెళ్లాలనే ఫైసలా షౌహర్ ఒక్కడే గాడీవాలాతో మాట్లాడి చేసేది కాదు. బీవీని అడగాలి. ఇక్కడున్న పిల్లల్ని అడగాలి. వాళ్లను చూసుకుంటున్న నానీని, దాదీని కూడా అడగాలి, వాళ్ల మోకాళ్ల నొప్పుల సంగతి ఎవరికి తెలుసు? ఏడాదిలో నాలుగు గడువులుంటే కనీసం రెండు ఇంటివైపు రావాలి. అవి స్కూలు సెలవులకు, ఈద్‌కు కలిసేలా మొదటి ప్రయాణమప్పుడే తారీఖులు చూసుకోవాలి. టికెట్ ముందే కొంటే కిరాయి కూడా తగ్గుతుంది.

లెక్క గురించి ఇంకో మాట. 90 రోజులంటే మూడు నెలలు కాదు. జూలై 1న దిగినవాళ్లు సెప్టెంబర్ 30 దాకా ఉంటే 92 రోజులు. ఆ రెండు రోజులకే జుర్మానా పడుతుంది, మళ్లీ వీసా అడిగేటప్పుడు తలనొప్పి. ఎనభయ్యో రోజుకల్లా కదలడమే మేలు. ఈద్ సెలవుల్లో బ్రిడ్జి మీద గాడీల బారు చూసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక ఆ దారి ఎప్పటికీ ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. 2024 హజ్‌లో ఎండకు 1,301 మంది చనిపోయారు. వాళ్లలో 83 శాతం ఇజాజత్ లేకుండా వచ్చినవాళ్లని సౌదీ హుకూమతే చెప్పింది. 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంతో కలిపి 14 దేశాలవాళ్లకు ఈ మల్టిపుల్ ఎంట్రీ విజిట్ వీసాలు ఇవ్వడం ఆపేశారు. విజిట్ వీసా మీద వచ్చి హజ్ చేసేవాళ్లను ఆపడానికే అన్నారు. హజ్‌కు అడ్డదారి తొక్కింది కొందరు. తలుపు మూసుకుంది బీవీ పిల్లల కోసం ఆ వీసా తీసుకున్న ఘర్‌వాళ్లందరికీ. దుబాయ్‌లోనూ అంతే. ఒకప్పుడు వీసా మార్చుకోవడానికి మనవాళ్లు ఇరాన్ కిష్ దీవిలో హోటళ్లలో పడిగాపులు కాసేవాళ్లు. 2022 చివర్లో లోపలుండే విజిట్ వీసా మార్చుకునే వీలు పోయాక ఒమాన్ బస్సులు ఎక్కారు.

హనఫీ ఫిఖ్‌లో ఒకచోట పదిహేను రోజులు ఉండాలని నియ్యత్ చేసుకుంటే ముసాఫిర్ కాస్తా ముఖీమ్ అయిపోతాడు, నమాజ్ పూర్తిగా చదువుకుంటాడు. మా చెల్లి ఆ ఇంట్లో వండి, ఉతికి, పిల్లను పెంచుతూ ఇన్నేళ్లయినా జవాజాత్ కాగితాల్లో ముసాఫిరే.

ఆమె చేతిలో ఉన్నది ఆపకముందు తీసుకున్న వీసా. ఇంకొన్ని వారాల్లో దాని ముద్దత్ కూడా అయిపోతుంది. ఇప్పుడు బ్రిడ్జి దాటితే ఆఖరుసారి 90 రోజులు దొరుకుతాయి. కడపకు వస్తే ముద్దత్ లోపు తిరిగి వెళ్లాలి, లేదా కొత్తగా సింగిల్ ఎంట్రీ వీసా కోసం మొదటి నుంచి తిరగాలి. బహనోయి భయం అదే. ఒంటరిగా గదికి వచ్చి పడుకునేది ఆయన, నేను కాదు. కడపలో కూర్చుని "రమ్మను" అనడం నాకు ఆసానే. అయినా రమ్మనే అంటున్నాను.

జుమ్మా నమాజ్ తర్వాత అందరం ఫోన్‌లో కూర్చుని మాట్లాడుకోవాలని అనుకున్నాం. భాంజా కూడా ఉంటాడు. నిన్న రాత్రి వాడు క్యాలెండర్ తెచ్చి నా ముందు పెట్టి, "మామూ, పరీక్షలు అయిపోయేది ఈ రోజు, అమ్మీకి చెప్పండి" అని వేలు పెట్టి చూపించాడు. అప్పటికి డెబ్బై ఎనిమిది.