పాటను చూచుట

నేటి పిల్లలు పాటను వినుట మాని చూచుచున్నారని పెద్దల ఫిర్యాదు. మాట నిజమే. కాని యది నేరమని మేము తలపము. మేమును చూచుచున్నాము, చూచి ఆనందించుచున్నాము. తెలుగు పండితులకు పాశ్చాత్యుల వీడియో గీతములతో పనియేమని యెవరైన నడిగినచో, యక్షగానమును, వీధినాటకమును పెంచిన జాతికి పాటను చూచుట క్రొత్త విద్య కాదని మా సమాధానము. భాగవతులు పాడుచు నాడుచుండగా చూచుటకే గదా మన తాతలు తెల్లవార్లు మేల్కొనియుండిరి!

ఈ వీడియో గీతముల చరిత్ర మిక్కిలి పెద్దది కాదు. 1975లో ఇంగ్లండునందు క్వీన్ అను బృందమువారు ‘బొహీమియన్ రాప్సొడీ’ అను తమ గీతమునకు చిన్న చిత్రము తీయించిరి. టెలివిజనులో తాము స్వయముగా కనబడుటకు మారుగా తమ బొమ్మను పంపుట వారి యెత్తు. పిమ్మట 1981 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో కేవలము ఇట్టి పాటలకొరకే ఎం.టి.వి. ప్రసారములు మొదలయ్యెను. అది తొలుత చూపిన పాట యేది? వీడియో వచ్చి రేడియో గాయకుని చంపినదని వాపోవు పాట! గృహప్రవేశమునాడు పాత యింటిని తలచుకొని యేడ్చినట్లున్నది గదా.

1983లో మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ వచ్చెను. దర్శకుడు జాన్ లాండిస్. దానిని పాట యనుటకంటె సుమారు పదునాలుగు నిమిషముల దయ్యాల కథ యనుట మేలు. గోరీలనుండి లేచిన శవములు తాళము తప్పక నాట్యమాడును. భయపడవలసినచోట నవ్వు వచ్చును, పారిపోవలసిన కాలు చిందువేయును. 2009లో దీనిని అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చిరి. వీడియో గీతమున కట్టి గౌరవము లభించుట అదియే ప్రథమము.

1985లో నార్వే దేశపు ఆ-హా బృందముయొక్క ‘టేక్ ఆన్ మీ’ చిత్రము వెలువడెను. అందు పెన్సిలు గీతల నాయకుడు బొమ్మల కథాపుస్తకమునుండి చేయిచాచి, హోటలులో కూర్చున్న యువతిని తన లోకములోనికి పిలుచును. ముందుగా మనుష్యులను చిత్రీకరించి, ఆ బొమ్మల ననుసరించి ఒక్కొక్కటిగా చేతితో గీసిరి. అట్టివి సుమారు 3,000. నోటుబుక్కుల అట్టలపై బొమ్మలు గీయు విద్యార్థులు దీనిని తప్పక చూడవలెను. లెక్కల తరగతిలో మాత్రము గీయరాదు.

ఇవన్నియు డబ్బుగలవారి వేడుకలని కొంద రనవచ్చును. 2006లో ఓకే గో అను బృందమువారు నలుగురు ఎనిమిది ట్రెడ్‌మిల్లులను వరుసగా పెట్టి వానిపై నాట్యమాడిరి. నాట్యము కూర్చినది గాయకుని సోదరి. కెమెరా కదలదు, నడుమ కత్తిరింపు లేదు. ఒక్కరి అడుగు తప్పినను మరల మొదటికి రావలసినదే. అది కుదురుటకు పదునేడు పర్యాయములు ప్రయత్నించిరి. పద్యమును రెండుమారులు చదివి రాలేదని చేతులెత్తు విద్యార్థులు ఈ సంఖ్యను గుర్తుంచుకొందురు గాక!

ఇక అసలు మాట. 2012లో కొరియా గాయకుడు సై పాడిన ‘గంగ్నం స్టైల్’ అదే సంవత్సరము డిసెంబరులో యూట్యూబునందు నూరుకోట్ల వీక్షణములను దాటిన తొలి వీడియో అయ్యెను. అతడు కొరియా భాషలోనే పాడెను. లేని గుర్రముపై స్వారిచేయు ఆ నాట్యమును లోకమంతయు ఆడెను. కాని ఆ పాట సియోలు నగరమందలి సంపన్నుల పేట గంగ్నం పేరు చెప్పుకొని డాబులకు పోవువారిపై పరిహాసమని యెందరికి తెలియును? అడుగులు సముద్రములు దాటినవి, హాస్యము ఇంటనే మిగిలినది.

మన ‘నాటు నాటు’ కూడ ఇట్టిదే. 2021లో ఉక్రెయిను రాజధాని కీవునందలి రాజభవనము ముంగిట చిత్రింపబడి, 2023లో ఆస్కారు బహుమానము నందినది. ప్రేమ్ రక్షిత్ కూర్చిన అడుగులను ఏ భాషవారైనను నేర్వవచ్చును. చంద్రబోసు పేర్చిన పల్లెటూరి పోలికల రుచి మాత్రము తెలుగు తెలిసినవారికే దక్కును. బజారున నొక భాష, ఇంట నొక భాషగా పెరుగుచున్న మన పిల్లలకు ఆ భాగ్యము పుట్టుకతో వచ్చినది. తెలుగక్షరము చేజారిన నాడు వారును, సై పాటకు గంతులు వేసిన పరదేశీయులవలె, తమ పాటకు తామే పొరుగువా రగుదురు.

కావున విద్యార్థులారా, పాటలను చూడుడు, మేము వలదనము. అయితే నచ్చిన తెలుగు పాటను చూచిన పిమ్మట ఒకమారు కన్నులు మూసుకొని వినుడు. ఆ మాటలను తెలుగు లిపిలో వ్రాయుడు. తెలియని మాట యొకటి తగిలినచో ఇంట అమ్మమ్మనో తాతనో అడుగుడు. వారికిని తెలియనిచో మాయొద్దకు రండు. ఆ వీడియోను మేమును మరియొకమారు చూడవలసి యుండును, అందుకు మా కభ్యంతరము లేదు.