దయానిధి గోడు ఎవరితో చెప్పుకొనవలె?

మనోవేదనను గూర్చిన మన శాసనాలు కొంత మెత్తబడినవి. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడికి లోనైనవాడని, అన్యథా రుజువైతే తప్ప, భావించవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశించినది. 2024 జూలైలో అమలుకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత, ప్రభుత్వోద్యోగిని నిర్బంధపెట్టుటకై చేసిన యత్నానికి తప్ప, పాత 309వ సెక్షను శిక్షను విడిచిపెట్టినది. 2022లో ఆరంభమైన ‘టెలి మానస్’కు 14416 నంబరున ఫోను చేసి ఎవరైనను గోడు వెళ్ళబోసుకొనవచ్చును.

ఐనను ఫోను ఎత్తబోయిన చేయి ఎందుకు వెనుదీయునో తెలియగోరువారు బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ మరల చదువవలెను. 1940వ దశకంలో వ్రాసిన ఈ నవలలో దయానిధి స్వయంగా వైద్యుడు. తల్లి నడతపై లోకం వేసిన నింద నీడవలె అతని వెంట నడచును. ఆమె మరణించినను అది మరణించదు. స్నేహించబోయినచోట, ప్రేమించబోయినచోట ముందుగా అదే పలుకరించును. రాయలసీమ చేరి వైద్యం చేసినను వదలదు. కొందరు విమర్శకులు అతనిని హామ్లెట్‌తో పోల్చి, లోపమంతయు అతని సంశయస్వభావంలోనే ఉన్నట్లు తృప్తిపడినారు. (మా తరగతులలోను ఆ పోలికతోనే గంట మ్రోగును.) నాకు మాత్రం వ్యాధి ఊరి నోట, దాని లక్షణాలు అతని మనసున ఉన్నట్లు తోచును. అమృతం ఆప్యాయత అతనికి సాంత్వన అయినదంటే, ఆమె ఎదుట అతడు ఫలానా ఆమె కొడుకు కాడు, కేవలం దయానిధి.

నేడును ఆ నోరు మూతపడలేదు. సంబంధాల వాకబులో ‘ఆ ఇంట ఎవరో పిచ్చికి మందులు మ్రింగుతున్నారట’ అన్న ఒక్క మాట చాలును, వైద్యుని దర్శించినవాడు ఆ సంగతి చెల్లెలి పెండ్లి అగువరకు దాచిపెట్టుటకు.