ఎవరి ఒంటికి చెప్పిన కసరత్తు అది? జిమ్ సలహాల గందరగోళంలో గోదావరిఖని యువత

గోదావరిఖనిలో ఒకప్పుడు ఒళ్లు గట్టిపడడానికి జిమ్ అక్కర్లేదు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపే ఫిల్లర్‌కు బావిలో పనే కసరత్తు. ఇప్పుడా పని చాలావరకు యంత్రాలు చేస్తున్నాయి. భూగర్భ గనుల్లో ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు, ఓపెన్‌కాస్టుల్లో డంపర్లు, షావెల్‌లు వచ్చాయి. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికులు నేడు 40 వేల దగ్గరకు తగ్గారు. తాత జీతానికి మోసిన బరువును మనవడు ఫీజు కట్టి జిమ్‌లో మోస్తున్నాడు.

బరువులెత్తడం మంచిదే. చిక్కంతా సలహాలతోనే. వారానికి ఐదు రోజులు చేయాలని ఒక ఫిట్‌నెస్ సైటు చెబుతుంది. మూడు రోజులు చాలని ఇంకొకటి అంటుంది. ఎక్కువ బరువు తక్కువ సార్లు ఎత్తమని ఒకరు, తక్కువ బరువు ఎక్కువ సార్లు ఎత్తమని మరొకరు. ఫోన్‌లో ఇవన్నీ చదివిన కుర్రాడు నెలకో పద్ధతి మారుస్తాడు. చివరికి నడుం పట్టేసి ఇంట్లో కూర్చుంటాడు.

రెండు మాటలూ నిజమే కావచ్చు

ప్రోటీన్ లెక్కే చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఉన్న ఐసీఎంఆర్ లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలు. ఫిట్‌నెస్ సైట్లు మాత్రం 1.6 గ్రాములంటాయి. 60 కిలోల మనిషికి మొదటి లెక్కన 50 గ్రాములు, రెండో లెక్కన 96 గ్రాములు. దాదాపు రెట్టింపు తేడా.

ఇందులో అబద్ధం ఎవరిది? ఎవరిదీ కాదు. మొదటిది సాధారణ జనానికి వేసిన లెక్క. రెండోది క్రమం తప్పకుండా బరువులెత్తేవారిపై జరిగిన 49 పరిశోధనలను కలిపి 2018లో తేల్చినది. అంతకు మించి తిన్నా కండ పెరుగుదలలో పెద్దగా లాభం కనిపించలేదన్నది కూడా అందులోని మాటే. ఆ సగం మాత్రం డబ్బాలు అమ్మేవారు చెప్పరు.

బరువుల సంగతీ అంతే. కండ పెరగడానికి ఎక్కువ బరువైనా, తక్కువ బరువైనా బాగా అలిసేదాకా చేస్తే ఫలితం ఇంచుమించు ఒకటేనని పరిశోధనలు చెబుతున్నాయి. పెద్ద బరువు ఎత్తే బలం కావాలంటే మాత్రం పెద్ద బరువులే సాధన చేయాలి. అంటే అసలు ప్రశ్న ‘ఏది కరెక్ట్?’ కాదు, ‘ఇది ఎవరికి, దేనికోసం చెప్పింది?’ అన్నది.

షిఫ్టు లెక్క ఎవరూ వేయరు

ఈ సలహాలు ఎక్కువగా పగలు కుర్చీలో పనిచేసి, రాత్రి నిద్రపోయేవారి కోసం రాసినవి. బొగ్గుగని జీవితం వేరు. ఫస్ట్, సెకండ్, నైట్ షిఫ్టులు మారుతుంటే నిద్ర వేళలూ మారతాయి. కండ కోలుకునేది విశ్రాంతిలోనే. నైట్ షిఫ్టు దిగి నిద్ర లేకుండా జిమ్‌కు పోతే లాభం కంటే దెబ్బ తగిలే ప్రమాదమే ఎక్కువ.

భూగర్భంలో వాలు దారుల్లో నడిచి, దుంగలు మోసే కార్మికుడికి వారంలో రెండు సార్లు చేసే కసరత్తు చాలు. డంపర్ సీటులో గంటల తరబడి కుదుపులు తినే ఆపరేటర్‌కు నడుం, తొడల బలం చాలా అవసరం. కానీ ముందే నడుం నొప్పి ఉంటే డాక్టర్‌కు చూపించుకున్నాకే బరువు పట్టాలి. బీపీ ఉన్నవారు ఊపిరి బిగబట్టి బరువెత్తకూడదు, బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది.

రంజాన్‌లో ఇదే గందరగోళం మళ్లీ మొదలవుతుంది. ఖాళీ కడుపుతో చేస్తే కొవ్వు కరుగుతుందని కొందరు, కండ పోతుందని కొందరు భయపెడతారు. కట్టిన కండ ఒక నెలలో కరిగిపోదు. ఇఫ్తార్ అయ్యి, నీళ్లు బాగా తాగాక, వారానికి ఒకటి రెండు సార్లు తేలికగా చేసినా నిలుస్తుంది.

ఉద్యోగం అడిగే ఒళ్లు వేరు

ఇక్కడి కుర్రాళ్లలో చాలామంది కల పోలీసు ఉద్యోగం, లేదా సింగరేణిలో వారసత్వ ఉద్యోగం. 2022 నోటిఫికేషన్ నాటి తెలంగాణ పోలీసు దేహదారుఢ్య పరీక్షల్లో అబ్బాయిలకు 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ పెట్టారు. అమ్మాయిలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. చేతులు, ఛాతీ మాత్రమే పెంచుకుని పరుగు సాధన వదిలేసినవారు మైదానంలో వెనకబడిపోతారు. గనిలో చేరేముందు జరిగే వైద్య పరీక్షలో చూసేది కంటిచూపు, వినికిడి, ఊపిరితిత్తులు, బీపీ. కండల చుట్టుకొలతకు అక్కడ మార్కులు లేవు.

అందుకే అడ్డదారులు మరింత నష్టం. ఆపరేషన్ సమయంలో పడిపోయే బీపీని పెంచడానికి వాడే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లను జిమ్ కుర్రాళ్లకు అమ్ముతుంటే తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు దాడులు చేసి పట్టుకున్నారు. అది గుండెపై భారం వేస్తుంది. ఉద్యోగం కోసం పెంచిన ఒళ్లే ఉద్యోగానికి అడ్డు కావచ్చు. 2024 మేలో విడుదలైన ఐసీఎంఆర్ ఆహార మార్గదర్శకాలు ప్రోటీన్ పౌడర్లు కూడా వద్దన్నాయి. గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. పప్పు, పెరుగు, చేప, చికెన్ మన దస్తర్‌ఖాన్‌పై ఉండేవే.

అమ్మీ సంగతేంటి?

ఈ చర్చంతా కుర్రాళ్ల చుట్టే తిరుగుతుంది. బలం ఎక్కువ అవసరమైనవారు ఇంట్లోనే ఉంటారు. వయసుతో పాటు కండ తగ్గుతుంది, నెలసరి ఆగాక ఆడవారి ఎముకలు పలచబడతాయి. పెద్దలందరూ, ఆడా మగా, వారానికి కనీసం రెండు రోజులు కండరాల కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 65 దాటినవారు పడిపోకుండా ఉండేందుకు మూడు రోజులు చేయాలంది. దానికి జిమ్ అవసరం లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి తోయడం, నీళ్ల సీసాలు ఎత్తడం క్వార్టర్ వరండాలోనే చేసుకోవచ్చు.

ఒకే ఇంట్లో నైట్ షిఫ్టు అబ్బాకు ఒక కసరత్తు, పరీక్షకు సిద్ధమయ్యే కొడుక్కి ఇంకొకటి, మోకాళ్లు నొప్పులన్న అమ్మీకి మరొకటి కావాలి. ఏ సైటూ ఈ ముగ్గురికీ కలిపి రాయదు. కాబట్టి కొత్త సలహా ఫోన్‌లోకి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయాలి. ఇది ఏ వయసువారికి? రోజంతా ఏ పని చేసేవారికి? ఇది చెప్పినవారు ఏమైనా అమ్ముతున్నారా? ఈ మూడింటికీ జవాబు దొరికాకే బరువు ఎత్తాలి.